పేరు చెప్పని ప్రార్థన మనవి

చిత్తూరు,
17-4-1979

ప్రభువులో ప్రియమైన అక్క నిర్మలమ్మకు చెల్లెలు సంతోషమ్మ వందనాలు. ఇక్కడ అందరం బాగున్నాము, నా మోకాలు తప్ప.

మా అమ్మాయి సుగుణ పెండ్లి ప్రకటన ఈ ఆదివారం మొదలుకొని మూడు ఆదివారాలు మా గుడిలోనూ మీ గుడిలోనూ చదువుతారు. "ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి" అని అయ్యగారు అడిగే ఆ నిమిషం మూడుసార్లూ గడిచేదాకా నా ప్రాణం కుదుటపడదు. రేణిగుంట సంబంధం నువ్వు కుదిర్చిందే కాబట్టి వియ్యపురాలిని నువ్వే కనిపెట్టుకుని ఉండాలి.

ఇంకొక ప్రార్థన మనవి. మా సమాజంలో ఒక సహోదరి వకీలు ఆఫీసుకు పోయి వస్తోంది. కోర్టు వీధిలో శనక్కాయలమ్మే కుప్పమ్మ చెప్పింది: "రెండు మాట్లు పొయ్యిందమ్మా. రెండో మాటు కొంగు నోట్లో పెట్టుకోని ఏడస్తా దిగొచ్చింది. నా కండ్లతో సూస్తిని." సంసారం కోర్టుకెక్కినట్టే ఉంది. మీ శుక్రవారం కూడికలో ప్రార్థన చేయించు. పేరు మాత్రం రాయను. పేరు చెబితే కొండెం, చెప్పకపోతే ప్రార్థన.

నీ చెల్లెలు,
సంతోషమ్మ

తా.క. పేరు భారతమ్మ. అదే, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే మా బైబిలు స్త్రీ. నువ్వు మోకరించినప్పుడు దేవునికి తికమక ఉండకూడదని రాస్తున్నాను.


రేణిగుంట,
21-4-1979

చెల్లెలు సంతోషమ్మకు అక్క దీవెనలు.

నిన్న మా ఇంట్లో కూడిక జరిగింది. పేరు చెప్పలేదు, చెప్పనని అందరి ముందూ మాట కూడా ఇచ్చాను. "చిత్తూరు స్త్రీల సమాజంలో ఒక సహోదరి, కోర్టు వ్యవహారం" అన్నాను, అంతే. పద్నాలుగు మంది మోకరించారు. చంద్రకాంతమ్మ సంగతి నీకు తెలుసు గదా, స్టేషనులో రైలైనా ఆగుతుందిగానీ ఆమె ప్రార్థన ఆగదు. "ప్రబువా, ఆ మొగోడెవురో నీకు తెలుసు, వాని మనసు మార్సు తండ్రీ" అని ఒకటే కన్నీళ్లు. కూడిక మొదలైనప్పుడు ఈ కథలో మగవాడు లేడు. ఆమెన్ అనేసరికి ఉన్నాడు.

కళ్లు తెరిచాక అతనెవరని అందరూ నన్నే అడిగారు. నాకు తెలిస్తే కదా! కాఫీ తాగినంతసేపూ బాగా దుఃఖపడి వెళ్లారు.

నీ అక్క,
నిర్మలమ్మ

తా.క. అతనెవరో తెలిస్తే వెంటనే రాయి. ప్రార్థన కోసమే.


చిత్తూరు,
26-4-1979

అక్కకు వందనాలు.

మీ ప్రార్థనలో ఎంత శక్తి ఉంది! మగమనిషి దొరికాడు. సోమవారం కోర్టు వీధిలో సోడా అంగడి వెనక రెండు గంటలు నిలబడ్డాను. భారతమ్మ ఒక గడ్డం మనిషితో మెట్లు దిగింది. అతని చంకలో కాయితాల కట్ట. ఇక్కడ ఇద్దరికే చెప్పాను, అదీ ప్రార్థన చేస్తారని.

ఇప్పుడు ఆమె వాక్యం చెప్పే పదకొండు ఇళ్లలో ఒక్కరూ తలుపు తీయడం లేదట. నిన్న మా ఇంటికి వస్తే నేను కూడా స్నానానికి పోయానని సుగుణ చేత చెప్పించాను. కిటికీలోంచి చూశాను, ఎండలో కాసేపు నిలబడి వెళ్లిపోయింది. కొంచెం బాధగానే అనిపించింది. అయినా సంఘం పరువు ముఖ్యం కదా.

నీ చెల్లెలు,
సంతోషమ్మ

తా.క. మా ఇంటాయనతో "కోర్టులో" అని మొదలుపెట్టానో లేదో, పొలమారి అన్నం వదిలేసి లేచిపోయాడు. మగవాళ్లకు ఆత్మీయ సంగతులు పట్టవు.


రేణిగుంట,
30-4-1979

సంతోషా, కూర్చుని చదువు.

శుక్రవారం కూడికలో నేను గడ్డం మనిషినీ, ఆ ఏడుపునూ మనవిలో కలిపాను. చంద్రకాంతమ్మ దాన్ని తిరుపతిలో ఉన్న వాళ్ల వదినకు అందించింది. ఆ వదిన నీ వియ్యపురాలికి అందించింది. పేరు లేదాయె. చిత్తూరు స్త్రీల సమాజం, కోర్టు, ఏడుపు, గడ్డం మనిషి, అంతే. ఆ సమాజంలో నీ వియ్యపురాలికి తెలిసినదానివి నువ్వొక్కతెవే!

నిన్న రెండో ప్రకటన అయ్యాక నన్ను పక్కకు పిలిచింది. "మొగున్ని వదిలేసే దానికి కోర్టుకు పొయ్యే ఆయమ్మ కూతుర్ని మా యింటికెట్లా తెచ్చుకునేది? వచ్చే ఆదివారం అయ్యగారు అడగతానే లేసి నిలబడతా" అంది. అది నువ్వు కాదని మొత్తుకున్నాను. "అయితే ఎవురో పేరు సెప్పు" అంది. చెప్పనని మాటిచ్చినదాన్ని, నోరు మూసుకున్నాను. ఏం చేయమంటావు?

నీ అక్క,
నిర్మలమ్మ

తా.క. నీ పాపాల కోసం ఇక్కడ మూడు రోజులు ఉపవాసమున్నారు. ఎవరి కోసమో అడగకుండా నేనూ రెండు పూటలు పస్తున్నాను.


చిత్తూరు,
3-5-1979

అక్కా,

నా మొగుడిని నేను వదిలేస్తానా? ఇరవై రెండేళ్లు ఆయన గురక భరించింది ఇందుకేనా? ఆ గడ్డం మనిషిని నేను చూసింది ఒక్కసారి, అది కూడా సోడా అంగడి వెనక నుంచి!

నీ ఉత్తరం వచ్చింది మొదలు సుగుణ అన్నం ముట్టలేదు. పెండ్లి చీర ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తోంది. కొళాయి దగ్గర ఇద్దరు నన్ను చూసి మాట ఆపేశారు. అలా ఆపేస్తే ఎంత మంటగా ఉంటుందో నాకు ఇప్పుడే తెలిసింది.

ఇక దాచి లాభం లేదు. ఆదివారం నువ్వే లేచి భారతమ్మ పేరు చెప్పేయి. ఆమె పని పోతుందని తెలుసు. కానీ నా బిడ్డ పెండ్లి ఆగకూడదు.

నీ చెల్లెలు,
సంతోషమ్మ

తా.క. నా అరుపులు విని మా ఇంటాయన ఎక్కడికో వెళ్లిపోయాడు. ఈ సంగతి మాత్రం ఎవరికీ ప్రార్థనకు ఇవ్వకు.


రేణిగుంట,
6-5-1979

సంతోషా,

పెండ్లి ఆగలేదు. ముందు సుగుణకు అన్నం పెట్టు, తర్వాత ఇది చదువు.

అయ్యగారు అడగ్గానే నీ వియ్యపురాలు కొంగు సర్దుకుంది. నేనూ నువ్వు చెప్పినట్టే లేవబోయాను. ఇంతలో వెనక బెంచీ నుంచి భారతమ్మ లేచింది. పక్కన నీ మొగుడు, తల దించుకుని.

"ఆ కోర్టుకు పొయ్యింది నేనే అయ్యా. పెండ్లికూతురి వయసుకు కాయితం కావల్లంటే, బాప్తిస్మ పత్రం చెదలు తినేసింది. ఆ బిడ్డ పుట్టినప్పుడు ఆడ ఉండింది నేనొక్కదాన్నే. అందుకే వకీలు కాడ సాక్ష్యం రాసిచ్చినాను. ఆ గడ్డమాయన వకీలు గుమాస్తా."

పత్రం పెట్టెను తడిగోడకు ఆనించి చెదలు పట్టించింది మా మరిది, నీ మొగుడేనట. నీకు తెలిస్తే బతకనివ్వవని, చెప్పొద్దని ఆమెను బతిమాలుకున్నాడట. భారతమ్మ మాటిచ్చింది, తలుపులన్నీ మూసుకున్నా ఆ మాట తప్పలేదు. నీ అరుపుల్లో ఆమె మీద పడ్డ నింద సంగతి తెలిసి, చివరికి మరిదే పోయి ఆమె కాళ్ల మీద పడ్డాడు.

మరి ఏడ్చిందెందుకని నీ వియ్యపురాలు అడిగింది. "ఆ పొద్దు బిడ్డ అడ్డం తిరిగింది. సంతోషమ్మ బతకదనుకుంటిని. వకీలుకు అదంతా సెప్తా ఉంటే ఏడుపొచ్చేసిందమ్మా" అంది.

నీ వియ్యపురాలు వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. ఇన్నాళ్లూ కూడిక నడిపాననుకున్నాను. దేవుణ్ని అడ్డం పెట్టుకుని చాడీలు చెప్పుకున్నాము సంతోషా, సిగ్గుగా ఉంది.

భోజనానికి పిలిస్తే భారతమ్మ రాలేదు. క్షమించమంటే ఇంతే అంది: "నన్ను అడిగేది వొద్దు నిర్మలమ్మక్కా. మీ చెల్లెల్ని నాతో ఆ పదకొండు ఇండ్లకు రమ్మను. తలుపు ఆయమ్మే తట్టల్ల. ఏం సేసిందో ఆయమ్మే సెప్పల్ల. నేను పక్కన నిలబడతా."

బుధవారం పొద్దున ఎనిమిదికి మీ ఇంటికి వస్తుంది. తయారుగా ఉండు. నాకిక్కడ పద్నాలుగు ఇళ్లున్నాయి, చంద్రకాంతమ్మ ఇంటితో మొదలుపెడుతున్నాను.

నీ అక్క,
నిర్మలమ్మ

తా.క. మరిది మా ఇంట్లోనే ఉన్నాడు. నీ కోపం తగ్గిందని నువ్వు స్వయంగా కార్డు రాస్తేగానీ బస్సెక్కనంటున్నాడు. తొందరేమీ లేదు, మాకు పిండి బాగా రుబ్బి పెడుతున్నాడు.