చేయని ఉద్యోగానికి రాజీనామా

రోడ్ల మరమ్మతు కార్యాలయ అధికారి గారి సముఖమునకు, బస్టాండు వెనుక వీధిలో ఫొటో స్టూడియో నడుపుకొనువాడు వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నేను ఎన్నడూ చేరని ఉద్యోగమునకు నా రాజీనామాను ఆమోదించి, నా కంప్యూటరును విడిపించుట గురించి.

1. నా కంప్యూటరులోని సాఫ్ట్‌వేరుకు గడువు తీరగా, నా బావమరిది సలహాపై ఇంటర్నెట్‌లో ఒక అమ్మకందారు వద్ద లైసెన్సు కీ కొన్నాను. అసలు ధరలో ఇరవయ్యో వంతుకే ఇస్తుంటే అనుమానం రాలేదా అని తమరు అడుగుదురు. వచ్చింది. "ఒరిజినలే బావా, అందరూ అక్కడే కొంటున్నారు" అన్నాడు. ఆయన నా భార్య తమ్ముడు గనుక ఇంట్లో అంతకుమించి విచారణ జరపలేకపోయాను.

2. కీతో పాటు అమ్మకందారు ఒక యూజర్ పేరు, పాస్‌వర్డు పంపి, వాటితోనే లోపలికి వెళ్లమన్నాడు. వెళ్లాను. కంప్యూటరు పరుగులు తీసింది. సంతోషం పట్టలేక అతనికి ఐదు నక్షత్రాలు కూడా ఇచ్చాను. మరునాటికి తెర మీద నా కూతురి ఫొటో పోయి, తమ శాఖ వారి రోడ్డు రోలరు వచ్చి కూర్చుంది.

3. అటుపిమ్మట తమ సర్క్యులర్లు రాసాగినవి. హాజరు వేయమని, శిక్షణకు రమ్మని, వివరణ ఇమ్మని. మా వీధిలో గుంత పూడ్చబడినదని కూడా ఒకటి వచ్చింది. స్టూడియో మెట్ల మీద నిలబడి, ఆ గుంతను చూస్తూ ఆ సర్క్యులరును తలచుకున్నాను. అది వేరే అర్జీ.

4. ఇది దొంగ కీయా అని అమ్మకందారును నిలదీయగా, "కీ అసలుదే సార్, పనిచేసిందిగా" అని జవాబు. అతను అబద్ధమాడలేదు, అదే నా ఖర్మ. తాళంచెవి అసలుదే, ఇల్లే తమది. తమ సిబ్బంది కోసం తమ శాఖ కొన్నవాటిలో ఒకటి ఎవరి చేతిలోంచో జారి అంగడికెక్కింది. దానితో లోపలికి వెళ్లి, నేను డబ్బిచ్చి మరీ తమ సిబ్బందిలో కలిశాను.

5. గత సోమవారం తెర మూతపడి, "విధులకు హాజరు కానందున మీ ఖాతా నిలిపివేయబడినది. మీ పై అధికారిని సంప్రదించండి" అని వచ్చింది. ఆ పై అధికారి తమరే. బావమరిది డిస్కు ఊడదీసి చూశాడు. దానికీ తమ తాళమే.

6. తమ కార్యాలయమునకు వచ్చి గుమాస్తా గారిని వేడుకోగా, "మీరు మా ఉద్యోగి కారు కదండీ, మీ కంప్యూటర్ మేమెలా తెరుస్తాం?" అన్నారు. అయితే నన్ను తీసేయండి అన్నాను. చేరనివాణ్ణి తీసేసే పద్ధతి లేదన్నారు. చివరకు పెద్ద గుమాస్తా గారు జాలిపడి, రాజీనామా రాసిస్తే ఫైలు కదులుతుందని సెలవిచ్చారు.

7. అయ్యా, పాస్‌పోర్టు ఫొటోలు పోతే మళ్లీ తీస్తాను, తిట్లు తింటాను. మళ్లీ తీయలేనిది ఒక్కటి లోపల ఉంది. అది మా వీధి ప్లంబరు తల్లి ఫొటో. అద్దానికి అతుక్కుపోయిన దాన్ని ఫ్రేములో ఉండగానే స్కాన్ చేసి, తర్వాత విడదీయబోతే పొడిపొడిగా రాలిపోయింది. ఆయనకు ఊహ తెలియకముందే ఆమె పోయింది. "మా అమ్మ ముఖం నాకు గుర్తులేదన్నా. ఆ ఫొటోయే గుర్తు" అన్నాడు. జరిగింది ఆయనకు చెప్పాను. రోజూ వచ్చి బల్ల మీద కాసేపు కూర్చుని, కారని కొళాయిని కూడా బిగించి పోతున్నాడు. తిట్టినా బాగుండును.

కావున తమరు దయతలచి నా రాజీనామాను నేటి నుండే ఆమోదించి, నా కంప్యూటరుకూ అందులో ఉన్న ఆ తల్లికీ విడుదల కలిగించవలెనని ప్రార్థన. చిత్తగించి కాపాడవలెను.

తమ విధేయుడు,
ఏనాడూ తమ ఉద్యోగి కానివాడు,
స్టూడియో యజమాని.

తా.క.: పై అర్జీ ఇవ్వడానికి వరుసలో నిలబడి ఉండగా, తమ కంప్యూటర్ విభాగంలో పనిచేసే అమ్మాయి దాన్ని చదివి నన్ను పక్కకు పిలిచింది. "రాజీనామా ఒప్పుకోగానే ఆ మనిషి కంప్యూటర్లో ఉన్నదంతా చెరిగిపోతుంది బాబాయ్. ఉద్యోగంలో ఉన్నంతవరకే ఉంటుంది" అంది.

అందుచేత పైన రాసినదంతా రద్దు. దయచేసి నన్ను తీసేయకండి. హాజరు లేదనే కదా మూసేశారు, హాజరవుతాను. జీతం వద్దు. పెద్ద గుమాస్తా గారి వెనుక, బీరువా పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. స్టూడియోకి తాళం వేసి వచ్చాను, ఆ కుర్చీలోనే కూర్చుని ఇది రాస్తున్నాను. ప్లంబరు కూడా నాతో వచ్చాడు. తమ వరండాలో కొళాయి బిగిస్తున్నాడు. అది నిజంగానే కారుతోంది.

తమ ఉద్యోగి.