ఏడో అంతస్తులో మునెయ్య వంతు

ఉషమ్మా, మనకు మద్రాసులో ఇల్లు తగిలింది.

నువ్వు చెప్పిన కబురే మళ్ళీ నీకు రాస్తుండానని నవ్వమాక. పొద్దున్నుంచి కనపడినోళ్ళందరికీ ఇదే మాట చెప్పి చెప్పి, చెయ్యి కూడా ముందు అదే రాసింది. ఇప్పుడు పద్ధతిగా మొదలుపెడతా.

చిరంజీవి సౌభాగ్యవతి ఉషకు, అల్లుడు పెంచల్‌కు, నాయన కామాక్షయ్య దీవించి రాసేది. ఇక్కడ మేము బాగుండాం. పడవ ఇంజను మోతకు నా చెవులు పోయినాయి గదా, ఫోన్లో నీ మాట నాకు ఈగ మోతలాగా వినపడతది. పైగా ఆ ఫోను మీ అమ్మ చేతిలోకి పోతే మళ్ళీ తిరిగి రాదు. అందుకే ఉత్తరం. ఐదో తరగతి చదువు ఇన్నాళ్ళకు పనికొచ్చింది.

చీటీలు తీసి ఇళ్ళు ఇచ్చినారని చెప్పినావే, ఆ మాటకు నా కడుపు నిండిపోయింది. మద్రాసోళ్ళంటే ఏందో అనుకున్నా. వాళ్ళదీ మన జాలర్ల కుప్పం ధర్మమేనన్నమాట. మన సరస్సులో వలేసే తావులకు ఏటేటా చీటీలు తీయమూ? ఈ ఏడు మంచి తావు తగిలినోడికి వచ్చే ఏడు బురద తగులుతుంది. ఏ తావూ ఎవరి సొత్తూ కాదు, వంతుల్లో తిరగాల్సిందే. రోజా టీ కొట్టు దగ్గర ఈ సంగతి చెప్పంగానే అందరికీ అర్థమైపోయింది. మొదటి చీటీకే ఏడో అంతస్తు తగిలిందంటే మన ఉష చెయ్యి మంచిదన్నారు.

ఒక్క మాట. గోడలకు మేకులు కొట్టమాక, రంగులేయించమాక. తర్వాత వచ్చేవాళ్ళకు ఎట్టా కావాలో మనకేం తెలుసు.

ఇట్లు, సంతోషం పట్టలేని నీ నాయన.

తా.క.: వచ్చే ఏడు కింద అంతస్తు తగిలినా దిగులు పడమాక. కరెంటు పోతే మెట్లెక్కే పని తప్పుతుంది.

*

నాయనకు, అమ్మకు, ఉష నమస్కారాలు.

నీ ఉత్తరం మా ఆయన రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత వచ్చేవాళ్ళ గురించి రాసినావు. పెళ్ళై రెండేళ్ళన్నా కాలేదు, అప్పుడే మనవళ్ళ గురించి అంత ఆత్రం ఎందుకు నాయనా. వచ్చినప్పుడు వాళ్ళకు కావాల్సిన రంగు వాళ్ళే గోడల మీద పూస్తారులే.

ఇక్కడ వేరే తంటా వచ్చింది. అంతస్తు చీటీలోనే తేలింది గానీ, చీటీ తగిలినోళ్ళకు రెండు చోట్ల అపార్టుమెంట్లు కడుతున్నారు. మీంజూరులో ఒకటి, తాంబరంలో ఒకటి. ఏదో ఒకటి కోరుకొని నెలాఖరుకు చెప్పాల. మీంజూరైతే మా ఆయన గుమ్మిడిపూండి ఫ్యాక్టరీకి దగ్గర, సూళ్లూరుపేట లోకల్ రైలు కూడా అక్కడే ఆగుతుంది. తాంబరమైతే ఊరికి ఆ చివర, నేను పనిచేసే ఆసుపత్రికి దగ్గర. నేను మీంజూరు అంటే ఆయన తాంబరం అంటాడు. నీకు రైలు ప్రయాణం తప్పాలని ఆయన, కాదు నీకే తప్పాలని నేను. మూడు రోజులుగా ఇద్దరికీ అన్నం సరిగా పోవడం లేదు. నువ్వు చెప్పు, ఏ చోటు మంచిది?

ప్రేమతో, ఉష.

తా.క.: మా గొడవ విని ఇంటి ఓనరు దుర్గ గారు విడాకుల దాకా పోయినామనుకొని, మధ్యస్తం చేయడానికి వచ్చింది. అసలు సంగతి విన్నాక, ఇట్టాంటి గొడవ తన ఇంట్లో ఒక్కటన్నా జరగలేదే అని కూర్చొని ఏడ్చింది.

*

బంగారు తల్లి ఉషకు నాయన ఆశీస్సులు.

దీనికా అన్నం మానుకున్నారు. ఈ ఏడు తాంబరం తీసుకోండి, వచ్చే ఏడు మీంజూరుకు మారండి. నీకు ఒక ఏడు, అల్లుడికి ఒక ఏడు. వంతులుండేది ఎందుకు మరి?

మనవళ్ళ ఊసు నేను ఎత్తలేదు తల్లీ. నువ్వు ఎత్తినావని మీ అమ్మ ఉయ్యాలకు మెత్తటి చీర వెతుకుతా ఉంది.

ఇప్పుడు అసలు కబురు. మునెయ్య నాతో మాట్లాడినాడు.

నీకు తెలుసు గదా, నీ చిన్నప్పుడు ఒకే పడవలో తిరిగినోళ్ళం. నా వల వాడి తావులోకి వచ్చిందని వాడు, గాలి తోసిందని నేను, అట్టా మాటామాటా పెరిగి మాటలే పోయినాయి. ఇన్నేళ్ళూ పక్కపక్కనే పడవలు కట్టినా, నాకు చెప్పాల్సింది వాడు వాడి పడవకు చెప్తాడు. నా జవాబు నేను నా వలకు చెప్తా. వాడి బిడ్డ పెళ్ళి భోజనం వాసన మన ఇంటి దాకా వచ్చింది, పిలుపు రాలేదు.

మొన్న టీ కొట్టు దగ్గర ఇల్లు తగిలిన సంతోషంలో నాకు ఒళ్ళు తెలియలేదు. వాడు మూలన కూర్చొని ఉండాడు. చూస్తూ చూస్తూ అనేసినా. "మునెయ్యా, వచ్చే ఏడు ఏడో అంతస్తులో వంతు నీది."

వాడు టీ గ్లాసు కింద పెట్టినాడు.

"కిటికీ ఏ వైపురా?" అన్నాడు.

ఉషమ్మా, ఆ రోజు నేను వేటకు పోలేదు.

మీరు ఖాళీ చేసేటప్పుడు చీటీల్లో వాడి పేరు వేయించండి.

నీ నాయన, కామాక్షయ్య.

తా.క.: మునెయ్య ఇనప పెట్టె కొన్నాడు. లిఫ్టులో పడతదా అని అడగమన్నాడు.

*

పూజ్యులైన నాయనకు ఉష రాసేది.

ఈ ఉత్తరం కూర్చొని చదువు. అమ్మకు వినపడేట్టు చదవమాక. ఫోన్ చేద్దామనుకున్నా, ఎత్తేది అమ్మే. అమ్మకు చెప్తే సాయంత్రానికి తడ దాకా తెలిసిపోతుంది.

నాయనా, ఇక్కడ చీటీ ఒక్కసారే తీస్తారు. ఇళ్ళు తక్కువ, అడిగినోళ్ళు ఎక్కువ, అందుకని తీసినారు. తగిలినోళ్ళు కొనుక్కుంటారు. ఆ తర్వాత వంతుల్లేవు, మారడం లేదు. తాంబరమంటే తాంబరమే, మీంజూరంటే మీంజూరే, బతికినంత కాలం. ఆ ఇల్లు ఇంక మాదే. మునెయ్య మామ పేరు ఏ చీటీలోనూ వేసేదానికి లేదు.

నీ ఉత్తరం చదువుతూ మా ఆయన ముందు పడీపడీ నవ్వినాడు. కిటికీ మాట దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. అప్పటి నుంచి, "మీ నాయన ఇప్పుడు ఏం చేస్తాడో పాపం" అంటా ఇల్లంతా తిరుగుతుండాడు.

మామకు నువ్వే మెల్లగా చెప్పు. ఆలస్యం చేసేకొద్దీ చెప్పడం కష్టమవుతుంది.

నీ ఉష.

తా.క.: పెట్టె లిఫ్టులో పడుతుంది. కానీ పంపించమాక.

*

ఉషకు నాయన దీవెనలు.

నీ ఇల్లు నీ సొంతమని తెలిసింది. ఒక ఏడాదికే అంత మురిసినవాణ్ణి, బతుకంతటికీ అంటే ఎంత మురవాల. కానీ నోరు తెరిచి ఎవరికీ చెప్పుకోలేని సంతోషం అయిపోయిందమ్మా.

మునెయ్యకు చెప్పేదానికి నాలుగుసార్లు పోయినా. పోయిన ప్రతిసారీ కూర్చోమని చాప వేస్తాడు. ఇసకలో పుల్లతో నీ ఇల్లు గీస్తాడు. ఇక్కడ వంటిల్లు, ఇక్కడ మంచం, వల ఆరేసేది యాడరా అంటాడు. నేను వంటిల్లు పక్కకు జరపమంటా. పొద్దుగూకే దాకా అదే మాట. నిన్న నా వల చిరుగు నేను అడక్కుండానే కుట్టి పెట్టినాడు.

ఇప్పుడు వంతు లేదంటే వాడు మళ్ళీ పడవతో మాట్లాడతాడు. కుప్పం అంతా నన్ను మాట తప్పినోడంటుంది, అననీ. వాడు మళ్ళీ మాట్లాడకపోతే నేను తట్టుకోలేను. ఈ వయసులో మాకు ఇంకోసారి మాటలు కలవాలంటే నీకు ఇంకో ఇల్లు తగలాల.

ఏం చేయాలో నువ్వే చెప్పు.

దిక్కు తోచని నీ నాయన.

తా.క.: మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. మునెయ్య తర్వాతి ఏడు వంతు ఆమె అప్పుడే తడలో మీ పిన్నమ్మకు ఇచ్చేసింది. పిన్నమ్మకు పై అంతస్తు పడదంట, కళ్ళు తిరుగుతాయంట, కిందది చూడమంటుంది.

*

నాయనకు ఉష నమస్కారాలు.

మీంజూరు తీసుకున్నాం. నర్సుకు ఆ లైన్లో కూడా ఆసుపత్రులుండాయి, నేను మారతా. మా ఆయన ఒక రోజంతా అలిగినాడు. నేను ఒకటే చెప్పినా, తాంబరమైతే మా నాయనా మునెయ్య మామా పెట్టె మోసుకొని రెండు రైళ్ళు మారాల, మీంజూరైతే ఎక్కిన రైలే దించుతుంది అని. అలక మాని, తాళం చెవి ఇంకోటి చేయిస్తానన్నాడు.

మామకు నిజం చెప్పు నాయనా. దాంతోపాటు ఇది కూడా చెప్పు. ఇంటికి వంతుల్లేవు గానీ, ఒక గదిలో మంచం మీ ఇద్దరి కోసం ఉంటుంది. ఏ ఏడాదిలోనైనా రావచ్చు. ఈ ఉత్తరం అందిన రోజే చెప్పాల. లేకపోతే సెలవు పెట్టి నేనే వచ్చి చెప్తా.

ప్రేమతో, ఉష.

తా.క.: ఇళ్ళు తగిలినోళ్ళందరం కలిసినప్పుడు బండ్లు పెట్టుకునే చోటు కోసం పెద్ద రగడ అయింది. అందరికీ నీడ చోటే కావాల. మా ఊళ్ళో అయితే ఏటా చీటీలు తీసి మారుస్తామని నా నోట్లోంచి జారింది. అందరూ సరేనన్నారు, అక్కడికక్కడే తీసినారు. మురుగు తొట్టి పక్క చోటు నాకే తగిలింది.

*

ఉషమ్మా, వాడికి ముందే తెలుసు.

చిరంజీవి సౌభాగ్యవతి, దీవెనలు, అన్నీ రాసినట్టు అనుకో. చెయ్యి ఆగడం లేదు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకొని రేవుకు పోయినా. వాడు వల కుడుతుండాడు. కళ్ళు మూసుకొని చెప్పేసినా, మునెయ్యా, ఆ ఇంటికి వంతుల్లేవంట అని. వాడు సూది ఆపలేదు.

"తెలుసులే," అన్నాడు.

వాడి బిడ్డ చెంచులక్ష్మిని ఇచ్చింది మద్రాసులో వాచ్‌మేన్‌కంట. అట్టాంటి అపార్టుమెంటు కిందనే వాళ్ళ గది. వీడు ఎన్నో మార్లు పోయి నెలలు నెలలు ఉండి వచ్చినాడు. మాటల్లేని రోజులు గదా, ఇవేవీ నాకు తెలియదు. అక్కడ ఇల్లు వంతులకు తిరగదని టీ కొట్టులో నేను నోరు తెరిచినప్పుడే వాడికి తెలుసు.

"మరి తెలిసి కిటికీ ఎందుకురా అడిగినావు?"

"ఇన్నేళ్ళకు పిలిచినావు. ఏదో ఒకటి అడగాల గదా."

"పెట్టె ఎందుకు కొన్నావు?"

"పెట్టె కొనకపోతే నువ్వు ఇంటి దాకా వస్తావా?"

ఇద్దరం చాలాసేపు వల కుట్టినాం. చిరుగు లేని చోట కూడా కుట్టినాం.

వంతు మాత్రం వదలడంట. శ్రీహరికోటలో రాకెట్ పోయే రోజు మన పడవలు కట్టేయమంటారు గదా, వేట ఉండదు. ఆ రోజులన్నీ మా వంతు. తెల్లారి లోకల్‌కి వస్తాం. ఇన్నాళ్ళూ రాకెట్‌ను కింది నుంచి చూసినాం, ఇంక ఏడో అంతస్తు నుంచి చూస్తాం.

ఇట్లు, నీ నాయన కామాక్షయ్య, పక్కన మునెయ్య.

తా.క.: ఇల్లు నీ సొంతమని ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి అందరికీ చెప్పాల. నెల్లూరులో మీ పెద్ద మేనత్తకు ముందు చెప్పు, రెండోదిగా చెప్తే అలుగుతుంది. బిట్రగుంట రైల్వే కాలనీలో మీ చిన్నాయనకు, రైళ్ళ సంగతి ఆయన చూసుకుంటాడు. తడలో పిన్నమ్మకు మీ ఆయన చేత చెప్పించు, అల్లుణ్ణి తిట్టదు. మీ అమ్మకు నేను చెప్తాలే, కాస్త ధైర్యం రానీ. చెంచులక్ష్మికి ఫోన్ చేసి, కామాక్షయ్య మామ గృహప్రవేశానికి పిలుస్తుండాడని చెప్పు. మునెయ్యకు చెప్పే పని లేదు. నేను రాసేది రాసినట్టే భుజం మీద నుంచి చదువుతుండాడు. చదివి, కిటికీ ఏ వైపో ఉషమ్మ ఇంతవరకు చెప్పనేలేదు అంటుండాడు.