గోరింటా, మైదాకా

చిరంజీవి హరిణికి చిల్కానగర్ నుంచి తాత దీవించి రాస్తున్నది. ఇంట్లో మనుషులం అందరం బాగున్నాం. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. పురుగుల సంగతి వేరు, రాస్తాను.

పురుగుల చదువుకని నువ్వుంటున్న కొండ మీద సిగ్నల్ లేకపోవడం మంచిదే అయింది. ఫోన్లో నాకు మాట రాదు.

ఉత్తరంలో నువ్వు అడిగినవి ముందు చెబుతాను. సెలవుల్లో ఏడు ఆకుపురుగులు వేసి నాకు అప్పగించిన డబ్బాలో ఇప్పుడు గూళ్లు ఏడు. మూడు విచ్చుకున్నాయి. రెక్కల పురుగు నా చిటికెన వేలి గోరంత ఉంది. పొద్దున చూస్తే బూడిద రంగు, ఎండలో చూస్తే గోధుమ రంగు. ఏది రాయాలో తెలియలేదు. రెక్క అంచున పసుపు గీత అన్నిటికీ ఉంటుందన్నావు. ఒకదానికే ఉంది. కొండ మీద పగలు రాళ్ల సందుల్లో దాక్కుంటుందన్నావు కదా, అది పెంకు ముక్క కింద దూరింది. డబ్బాకు తడి గోనెపట్టా చుడుతున్నాను.

పోయిన ఉత్తరంలో ఏడున్నాయని నేను రాస్తే, ఏడూ బతికాయని నీ పుస్తకంలో రాస్తున్నానన్నావు. అది చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

పోయేటప్పుడు నువ్వు "గోరింట ఆకు ఒక్కటే తింటయి తాతా" అన్నావు. మా ఊళ్లో గోరింట అంటే దడి పక్కన పూసే ముళ్ల మొక్క. చేతికి పెట్టుకునేది మైదాకు. నువ్వన్నది ఏ ఆకో అని అడిగితే ఎదురింటి సూర్యకళ నవ్వింది.

"ఏ కాలంల ఉన్నవ్ తాతా? గోరింటాకంటె మైదాకే. టీవీ సూడవా?"

చదువుకున్నదానివి, నువ్వూ టీవీ మాటే అన్నావేమో అనుకున్నాను. మైదాకు వేశాను. రెండు రోజులు ముట్టలేదు. మూడో రోజు నాలుగు చచ్చిపోయాయి. నాచారం చెరువు దిక్కు పోయి ముళ్ల గోరింట వెతికి తెచ్చాను. మిగిలిన మూడు కరకరా తిన్నాయి.

ఇంకొకటి ఉంది. నీకు తక్కువ పడొద్దని జామ చెట్టు పురుగులు నాలుగు తెచ్చి అందులోనే వేశాను, జామాకుతో సహా. అవీ పచ్చగానే ఉన్నాయి. గూళ్లు కట్టుకున్నాక ఏది ఏదో నాకు తెలియదు.

నిన్న డబ్బాలో ఒక పక్క గోరింట కొమ్మ, ఒక పక్క జామ కొమ్మ పెట్టాను. గీత ఉన్నది గోరింట మీద వాలింది. మిగతా రెండు మూత మీదే కూర్చున్నాయి. వాలింది నీదే కావచ్చు. అలసిపోయి కూర్చుందేమో కూడా.

ఏడు అని రాయకు బిడ్డా. ఒకటి అనీ రాయకు. నువ్వు వచ్చి చూసేదాకా ఆ చోటు ఖాళీగా ఉంచు.

ఇట్లు,
మైదాకు వేసిన నీ తాత,
పోశయ్య