సీసాలో తగ్గిన మాత్రలు

పాలు కాచి మూత పెట్టాను. కుళాయి బాగుచేసే అతను వస్తే వంటింట్లోది మాత్రమే చూపించు. స్నానాలగదిలోది నేను బిగించాను, దాన్ని చూసి అతను నవ్వడం నాకిష్టం లేదు.

"ఏమండీ, నా మోకాళ్ల మాత్రల సీసాకి చిల్లేమైనా పడిందా?" అని నిన్న అడిగావు. పడలేదు. ఐదు వారాలుగా నేనే మింగుతున్నాను. అవి ఉత్త పంచదార గుళికలని వీధంతా వినేలా వాదించినవాణ్ణి, ఇప్పుడు నా మోకాలి నొప్పి సగానికి తగ్గింది. నీకు కొత్త సీసా కోసం ఆ హోమియో డాక్టరు దగ్గరికే వెళ్తున్నాను. "రండి మాస్టారూ, దారి తెలిసిందా?" అంటాడు. పడతాను.

అయితే గుణం మాత్రలదేనని ఒప్పుకోను. సరిగ్గా ఆ ఐదు వారాలుగానే నువ్వు నన్ను రోజూ వంతెన దాకా నడిపిస్తున్నావు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తేలదని ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు పాఠం చెప్పి, ఆ తప్పు నేనే చేశాను. తేలాలంటే ఒకటి మానాలి. "మీ సణుగుడు నావల్ల కాదు, రేపట్నుంచి నేనొక్కదాన్నే పోతా" అని రాత్రి నువ్వన్నది నడక గురించి. నేను మానేది మాత్రలు.

ఈ చీటీ అడుగున చోటు చాల్లేదు. రేపు నన్ను లేపు. సణగను, కనీసం వంతెన వచ్చేదాకా.