అన్నం వద్దన్న ఆట

స్నిగ్ధా, నేను హాస్పిటల్‌కి డ్యూటీకి వెళ్తున్నాను. నీ బ్యాగు తలుపు దగ్గరుంది. తాడు, టార్చి, నీళ్ళ సీసా పెట్టాను. ఎస్ట్‌కోర్ట్ కొండల్లో చలిగాలి, స్వెట్టర్ మాత్రం బ్యాగులోంచి తీసెయ్యకు.

తిండి తెస్తే ఆటలోంచి తీసేస్తారన్నావు. పొద్దస్తమానం పస్తుండి అడవిలో బతికి చూపించడం ఏం ఆటో నాకింకా అర్థం కాలేదు. మొన్నటిదాకా తెల్లపిల్లల్ని తప్ప మనలాంటివాళ్ళని గేటు దాటనివ్వని బడి, ఇప్పుడు చేర్చుకుని మరీ మాడుస్తుందా? మీ టీచర్ని అడుగుతానంటే పరువు తియ్యొద్దమ్మా అంటావు.

ఊరెళ్ళే సంచిలో పులిహోర పెట్టకుండా ఎలా సర్దాలో నాకు తెలీదు. పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. స్వెట్టర్ మడతలో ఉంది. ఆటలో నీ జతపిల్ల నొంతాండోకి కూడా సరిపోతుంది.

అమ్మ

మరీ ఆకలేస్తే ఓడిపో, తల్లీ.