గడప దాటని గొలుసు ట్రాక్టరు

అన్నా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నువ్వు విప్పి పెట్టి పోయిన పాత గొలుసు ట్రాక్టరును మళ్లీ బిగించాను. అరిగిన గొలుసు పిన్నులు పుత్తూరులో కొత్తవి చేయించాను. పొద్దున స్టార్టయింది.

షెడ్డు గడప దాకా నడిపి ఆగిపోయాను. మన చేనికి పోయే మట్టిబాటకు ఇప్పుడు తారు వేశారు. చక్రాలకు బదులున్న ఈ ఇనుప గొలుసులు ఎక్కితే తారంతా పెళ్లలుగా లేచిపోతుంది, ఎక్కించొద్దన్నారు. ఆ రోడ్డు కోసం ఊరంతా తిరిగి సంతకాలు పెట్టించింది నువ్వే కదా!

ఇంజను ఆపబోతుంటే వదిన వంట వదిలేసి వచ్చింది.

"ఆపద్దబ్బా. ఈ సద్దు విని శానా నాళ్లయింది. ఇంగ కొంచేపు ఉండనీ," అనింది.

ముందుకు పోలేను, ఆపలేను. డీజిలు అయిపోయేదాకా రోడ్డును చూస్తూ ట్రాక్టరు మీదే కూర్చున్నాను.