ఆరో రోజు గూడు

సోమేనహళ్ళి,
బుధవారం.

నేత్ర వాళ్ళ నాయనకు,

ప్రియమైన అని రాయబోయి చెయ్యి ఆగిపోయింది. ఉన్నమాట ముందే చెబుతాను. ఈ పంట పట్టుగూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్‌కు తోలిన మరుసటి రోజు నేనూ నేత్రా చింతామణిలో మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతున్నాం. నువ్వు ఫోన్ పిచ్చి మాన్పించే ఆ కేంద్రం నుంచి బయటపడేసరికి ఇంట్లో మీ అమ్మ ఒక్కతే ఉంటుంది. ఆమెను అడిగాను. "పోవద్దని నేను చెప్పనమ్మా, వాణ్ణి కన్నందుకు నేనే సిగ్గుపడతాండా" అంది.

మీ కేంద్రం నియమం నీకు నేను చెప్పాలా? అడిగితే రోజుకు పది నిమిషాలు ఫోన్ ఇస్తారు. ఆరు రోజులూ అడగనివాణ్ణి ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంటివాళ్ళతో బయటికి పంపుతారు. నువ్వు ఐదు రోజులు అడగలేదని తెలిసి మీ అమ్మ ఊరంతా చెప్పుకుంది. నేత్ర గౌను ఇస్త్రీ చేయించుకుంది. మొన్న ఆదివారం మొదటి బస్సుకే చిక్కబళ్ళాపురం వచ్చాం. గేటు దగ్గర కాపలా ఉండే మునియప్ప మమ్మల్ని ఆపి, "నిన్న సాయంత్రం ఫోన్ తీసుకున్యాడమ్మా, ఈ వారం బయటికి ఇడిసేది లేదు" అన్నాడు. నేత్ర ఆయన చెయ్యి పట్టుకుని, "మా నాయన యాడుండాడు తాతా? కిటికీలోనన్నా చూపీ" అంది. ఏడేళ్ళ పిల్ల. ఐదు రోజులు ఆగినవాడివి ఆ ఒక్క పూట ఆగలేకపోయావు.

నాకేమీ ఆశ్చర్యం లేదు. పోయిన పంట మరిచిపోయాననుకున్నావా? ఇరవై ఐదు రోజులు నేనూ మీ అమ్మా చేతులు పగిలేలా మల్బరీ ఆకు కోసి పట్టుపురుగులకు మేపాం. అవి చంద్రికల వెదురు తడకల మీదికెక్కి గూళ్ళు కట్టుకున్నాయి. లోపలి పురుగు గట్టిపడాలంటే ఆరో రోజు దాకా గూడు ముట్టకూడదని మన ఇళ్ళలో నేత్ర ఈడు పిల్లలకు కూడా తెలుసు. మేం మురుగమల్ల దర్గాకు వెళ్ళి వచ్చేసరికి నువ్వు మూడో రోజే అన్నీ చంద్రికల నుంచి విప్పి సంచుల్లో పోశావు. నీ ఫోన్ ఆటలో ఏదో బహుమతుల పెట్టె ఉందట, ఆ సాయంత్రం దాటితే మూసుకుపోతుందట. దాన్ని కొనడానికి. మార్కెట్లో దారం తీసే రీలరు ఒక గూడు చెవి దగ్గర ఊపి, బ్లేడుతో కోసి చూశాడు. పురుగు చితికి నల్లటి నీళ్ళు కారాయి. "ఎవరప్పా దీన్ని విప్పింది, ఇంట్లో పెద్దోళ్ళు లేరా?" అన్నాడు నలుగురి ముందు. నువ్వు అప్పుడు కూడా ఫోన్ చూసుకుంటున్నావు.

మీ కేంద్రం డాక్టరమ్మ దీన్ని జబ్బు అంటుంది. చేతికందేది పెద్దదిగా, ఆగితే వచ్చేది చిన్నదిగా కనిపించే జబ్బట. సరే, జబ్బే అనుకుందాం. ప్రతిసారీ నీకు చిన్నగా కనిపించేది మేమే ఎందుకయ్యాం?

జవాబు రాయకపోయినా నష్టం లేదు.

రంజిత


చిక్కబళ్ళాపురం,
శుక్రవారం.

రంజితా,

ప్రియమైన అని నేను రాస్తే నీకు ఒళ్ళు మండుతుందని రాయలేదు.

శనివారం ఫోన్ అడిగింది నేత్రను చూడ్డానికి. బడిలో అది కోలాటం ఆడిన వీడియో ఉంది కదా, అది. తెల్లారితే పిల్లే వస్తుందని తెలుసు. తెలిసి కూడా ఆగలేకపోయాను. రెండు నిమిషాలు వీడియో చూశాను. మిగిలిన ఎనిమిది నిమిషాలు ఆట ఆడాను. ఆ ఎనిమిది నిమిషాల మాట దాచిపెడితే నీకు ఎప్పటికీ తెలియదు. అయినా రాస్తున్నాను.

ఆదివారం మిమ్మల్ని కిటికీలోంచి చూశాను. నేత్ర ఇటు తిరిగేసరికి గోడ చాటుకు తప్పుకున్నాను. చింతామణికి పోతే పో. ఆపే మొహం నాకు లేదు.

మోహన్‌కుమార్


సోమేనహళ్ళి,
తరువాతి వారం, శనివారం.

నేత్ర వాళ్ళ నాయనకు,

ఎనిమిది నిమిషాల మాట రాయకపోయి ఉంటే నీ ఉత్తరం పొయ్యిలో పెట్టేదాన్ని. పిల్ల కిటికీలో వెతుకుతుంటే గోడ చాటున దాక్కున్నందుకు మాత్రం నిన్ను క్షమించను.

గూళ్ళు ఆరో రోజే విప్పాం. నిన్న మార్కెట్లో అదే రీలరు ఊపి చూసి, "ఈసారి ఎవరమ్మా విప్పింది?" అని అడిగితే నేనే అన్నాను. ఈ పొద్దు చింతామణి బస్సు ఎక్కవలసింది. ఎక్కలేదు. సంతోషపడకు, సంచి సర్దే ఉంది.

మీ అమ్మ ఈ ఉత్తరంతో పాటు మూతకు చిల్లులు పెట్టిన డబ్బా ఒకటి తెస్తుంది. అందులో ఒక గూడు ఉంది, మార్కెట్‌కు పోనివ్వకుండా నేత్ర దాచుకున్నది. లోపల ప్రాణం ఉంది. వారం, ఎనిమిది రోజుల్లో అది రెక్కలొచ్చి, తనంతట తానే గూటికి చిల్లు పెట్టుకుని బయటికొస్తుంది. అప్పటిదాకా గోటితో గీరి చూసినా చస్తుంది. నీ దగ్గరే పెట్టుకో.

రేపటి ఆదివారం కాదు, ఆ పై ఆదివారం వస్తాం. ఫోన్ తీసుకున్నావా లేదా అని నేను మునియప్పను అడగను. నేత్ర డబ్బా తెరిచి చూస్తుంది. సంచి వెంట తెస్తున్నాను. ఎక్కే బస్సు ఇటుదో చింతామణిదో అప్పుడు చూసుకుంటాం.

రంజిత